బమ్మెర ఫోటో వెనక ఎవరున్నారు?

(హనుమకొండలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మనం ఎవరి జ్ఞాపకంలో ఇక్కడ కలిశామో ఆ సారు తెలుగు పండితుడు. పోతన పాఠం మొదలుపెట్టారంటే గంట కొట్టినా ఆపేవారు కాదు. అందుకే ఆయన పోయిన తర్వాత ఇంట్లో దొరికిన రేకు పెట్టెలో పద్యాల నోటుపుస్తకాలు ఉంటాయనుకున్నాం. తెరిస్తే ఎక్కువ భాగం ఫోటోలు, పోస్టు కార్డులు. బమ్మెరవి, పాలకుర్తివి, ఓరుగల్లు కోటవి, కవిసమ్మేళనాలవి. కొన్నింటికి చెదలు పట్టింది. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ పెట్టెను నా చేతికిచ్చి చూడమన్న కుటుంబానికి ముందుగా కృతజ్ఞతలు. ఈరోజు నేను మాట్లాడబోయేది దాని గురించే. కవుల జ్ఞాపకార్థం మనం కట్టుకున్న కట్టడాల పాత ఫోటోల్లో అసలు ఎవరి జ్ఞాపకం దాగి ఉన్నదన్నది నా విషయం.

ఒక ఫోటోతో మొదలుపెడతాను. అరచేతి కన్నా కాస్త పెద్దది, నలుపు తెలుపు. అంచులు నున్నగా ఉండవు, రంపపు పళ్లలాగా కత్తిరించి ఉంటాయి. మీ ఇళ్లలో యాభైల, అరవైల నాటి ఫోటోలు ఉంటే ఆ అంచు మీకు వెంటనే గుర్తుకొస్తుంది. బమ్మెరలో పోతన సమాధి దగ్గర తీసింది. ముందు వరుసలో పెద్దవాళ్లు, తెల్ల ధోవతులు, భుజాల మీద కండువాలు. ఒకాయన చేతిలో మూసిన గొడుగు. పక్కన నిక్కర్ల పిల్లలు, అందులో ఒకడు కదిలాడు, ముఖం అలుక్కుపోయింది. వెనక కోసిన పొలం, మోడు కనిపిస్తుంది, అంటే పంట ఇంటికి చేరిన రోజులు. నీడలు కాళ్ల కిందికి వచ్చాయి, నడి మధ్యాహ్నం. చిత్రంలో ఎక్కడా కరెంటు స్తంభం లేదు. ఎడమ అంచున సగం తెగిపోయి ఒక స్త్రీ ఉన్నది. నెత్తిన గడ్డిమోపు, కొంగు నడుముకు చెక్కుకున్నది. ఆమెను ఎవరూ నిలబెట్టలేదు. దారిన పోతూ ఏమిటీ గుంపని ఆగి చూసింది, ఆ క్షణానికే ఫోటోగ్రాఫర్ బటన్ నొక్కాడు.

వెనక సారు దస్తూరీలో రెండే మాటలు: "బమ్మెర. జయంతి." కింద ఊదారంగు స్టూడియో ముద్ర, సగం చెరిగిపోయింది. పేర్లు లేవు. ధోవతుల వాళ్లు ఎవరో, పిల్లలు ఎవరి పిల్లలో, ఆ గడ్డిమోపు తల్లి ఎవరో రాయలేదు. అప్పుడు రాయవలసిన అవసరం ఎవరికీ తోచదు. అందరికీ అందరూ తెలుసు కదా.

అదే పెట్టెలో ఒక పోస్టు కార్డు. పదిహేను పైసల కార్డు, ఎనభైల ప్రాంతంది. "సారూ, ఆదివారం బస్సు పాలకుర్తి దాకే. ఆపైన నడక. గొడుగు మరవకండి. దండ ఇక్కడ దొరకదు, అక్కడే కొని తెండి." అంతే. రాసినాయన సంతకం పొడి అక్షరాల్లో ఉన్నది. పోతన జయంతిని ఆ రోజుల్లో ఎవరు ఎట్లా జరిపారో ఏ పుస్తకం చెప్పినా ఈ నాలుగు ముక్కలంత సూటిగా చెప్పలేదు. నిధులు లేవు, బండి లేదు. ఒక దండ కోసం ముందే కార్డు రాసుకోవాలి. ఆ నడకే మన జిల్లాలో పోతన స్మారకానికి పునాది. సిమెంటు తర్వాత వచ్చింది.

ఇట్లాంటి చిత్రాల విలువ తెలియడానికి ఒకసారి చాలా దూరం పోయి వద్దాం. స్కాట్లాండ్‌లో ఎయిర్‌షైర్ ప్రాంతంలో మాక్లిన్ అనే ఊరున్నది. రాబర్ట్ బర్న్స్ అనే కవి ఆ ఊరి పక్కనే మాస్‌గీల్ అనే పొలంలో తమ్ముడితో కలిసి వ్యవసాయం చేశాడు. ఆ ఊరి పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. అక్కడ ఉండగానే 1786లో తొలి పుస్తకం అచ్చయింది. ఊరివాళ్లు మాట్లాడుకునే భాషలోనే రాశాడు. దుక్కి దున్నిన కవి అని అక్కడి జనం ఈనాటికీ గుండెలో పెట్టుకుంటారు. 1796లో, ముప్పై ఏడేళ్లకే పోయాడు. నూరేళ్లు నిండిన 1896లో ఆ ఊళ్లో ఆయన పేర ఒక బురుజుకు శంకుస్థాపన చేశారు, 1898లో తెరిచారు. ఎర్ర ఇసుకరాతి బురుజు. నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉన్నది. బురుజు ఒక్కటే కట్టి ఊరుకోలేదు, దాని పక్కన పేద వృద్ధులు ఉండటానికి చిన్న చిన్న ఇళ్లు కూడా కట్టించారు. కవి పేర నిలిచింది ఆ రెండూ కలిపి.

సరిగ్గా ఆ రోజుల్లోనే బొమ్మల పోస్టు కార్డుల ప్రభంజనం లేచింది. బ్రిటన్‌లో 1902 దాకా కార్డు వెనకవైపు చిరునామాకే ఇవ్వాలి, కబురు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన కాస్త జాగాలో ఇరికించాలి. ఆ ఏడు వెనకవైపును రెండు భాగాలు చేసుకోవచ్చని అనుమతి వచ్చింది, కార్డుల అమ్మకం ఊపందుకుంది. మాక్లిన్ బురుజు కూడా కార్డు మీదికెక్కింది, ఊరూరికీ పోయింది. ఇవాళ అక్కడివాళ్లు ఆ కార్డులను వరుసగా పేర్చుకుంటే ఊరి చరిత్ర కదులుతుంది. చెట్టు ఎప్పుడు పెరిగింది, రోడ్డు ఎప్పుడు పడింది, పక్కింటి కప్పు ఎప్పుడు మారింది. తపాలా ముద్ర మీద తేదీ ఉంటుంది కాబట్టి, ఫోటో ఆ తేదీకి ముందుదేనని ఖాయంగా చెప్పవచ్చు. వెనక రాసిన కబురులో ఒక్కోసారి బురుజు ఊసే ఉండదు. ఆరోగ్యం, వాన, రైలు వేళ ఉంటాయి. స్మారకం మనుషుల రోజువారీ బతుకులోకి అట్లా వచ్చి చేరింది.

మన దగ్గర పోస్టు కార్డు 1879 జూలై 1న కాలణా ధరకు వచ్చింది. నిజాం సంస్థానానికి సొంత తపాలా ఉండేది, సొంత స్టాంపులు ఉండేవి. అయితే ఇక్కడ కెమెరా మొదట రాజుల వెంట, రాజులు కట్టించిన రాళ్ల వెంట నడిచింది. లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయినాడు, మన వేయిస్తంభాల గుడి ఆయన కెమెరాలో పడింది. గులాం యజ్దానీ 1922లో పాలంపేట ఆలయాల మీద పెద్ద గ్రంథం చిత్రపటాలతో సహా వేశాడు, రామప్పను లోకానికి చూపించింది అది. 1947లో హైదరాబాద్ సంస్థానం వేసిన మూడణాల స్టాంపు మీద వరంగల్ కోట తోరణం ఉన్నది. ఇవన్నీ మన గర్వకారణాలే. ఆ రికార్డు ఎంత అవసరమో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం దగ్గర కళ్లారా చూశాం. 2006లో విప్పిన మండపం 2024 మార్చిలో మళ్లీ నిలబడి తెరుచుకున్నది. విప్పినదాన్ని తిరిగి నిలబెట్టాలంటే ఏ రాయి ఎక్కడిదో చెప్పే లెక్క చేతిలో ఉండాలి.

బమ్మెరకు ఆ యోగం పట్టలేదు. రాజు కట్టించిన గుడి కాదు. పొలం మధ్య ఒక సమాధి, ఒక బావి, ఒక నమ్మకం. పోతన పదిహేనో శతాబ్దపు మనిషి. ఆయన రూపం చూసి గీసిన చిత్రం లేదు. మరి మన మనసులో ఉన్న ముఖం ఎక్కడిది? మా తరానికైతే జవాబు సులువు. 1943లో విడుదలైన వాహినీ వారి 'భక్త పోతన', కె.వి. రెడ్డికి దర్శకుడిగా తొలి సినిమా. చిత్తూరు నాగయ్య పోతన వేషం కట్టారు. ఆ శాంతమైన కళ్లు, ఆ నామం, ఆ చేతులు జోడించే తీరు జనం కళ్లలో నిలిచిపోయి, ఆ తర్వాత వచ్చిన ఎన్నో పటాల్లోకి, క్యాలెండర్లలోకి దిగాయి. నాగయ్య గారి మీద నాకు అపారమైన గౌరవం. ఆయన పోతనకు ఇచ్చింది అరువు ముఖమే అయినా, భక్తితో ఇచ్చిన ముఖం. అయితే పోతనకు సంబంధించి నిజంగా తీసిన ఫోటోలు మనకు మిగిలినవి ఈ సమాధి దగ్గరివే. వాటిలో పోతన ఉండడు. పోతన కోసం వచ్చినవాళ్లు ఉంటారు. ఆ ఫోటోలను కవి ఫోటోలని మనం పిలుస్తాం గాని, నిజానికి అవి ఊరి ఫోటోలు, పాఠకుల ఫోటోలు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి ఇంకో కారణం ఉన్నది. పోతన ఎక్కడివాడన్న వివాదం పాతది. ఓరుగల్లువాడని కొందరు, కడప జిల్లా ఒంటిమిట్టవాడని కొందరు. వీరేశలింగం పంతులుగారంతటి వారు ఒంటిమిట్ట వైపు మొగ్గారు. ఒంటిమిట్ట కోదండరామాలయంలో పోతన విగ్రహం ఉన్నది, అక్కడివాళ్ల భక్తిని నేను తక్కువ చేయను. కానీ తెలంగాణవాళ్లకు ఆ రోజుల్లో ఎదురైన అసలు బాధ పోతన ఒక్కడి గురించి కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అన్న మాట ఒకటి పత్రికకెక్కింది. సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి తిట్టుతో జవాబు చెప్పలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. 354 మంది కవులు. పేరు, ఊరు, పద్యం. కాగితం మీద పేరు లేకపోతే మనిషి లేడన్నట్టే లెక్క వేసే లోకానికి అదొక్కటే సమాధానం. మన జిల్లా మడికొండలో పుట్టిన వానమామలై వరదాచార్యులు గారు 'పోతన చరిత్రము' కావ్యంగా రాసి అభినవ పోతన అనిపించుకున్నారు. వీళ్లంతా పోతనను మనవాడిగా నిలబెట్టిన మనుషులు. బమ్మెర ఫోటోలో కండువాలతో నిలబడ్డవాళ్లలో అట్లాంటి శ్రమ చేసినవాళ్లు ఎందరున్నారో! వాళ్ల పేర్లు ఏ సంచికకూ ఎక్కలేదు, ఫోటో వెనకకు కూడా ఎక్కలేదు.

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే సంగతి చెప్పాలి. నేను ఇందాక వర్ణించిన ఆ ఫోటోనే ఒకరు ఫోన్‌తో తీసుకొని 'బాగు' చేసి నాకు పంపారు. ఎవరన్నది ముఖ్యం కాదు, మంచి మనసుతోనే చేశారు. ధోవతులు మల్లెపువ్వుల్లా అయినాయి. కండువాలకు ఎరుపు, పసుపు రంగులు వచ్చాయి. కదిలిన పిల్లవాడికి కొత్త ముఖం వచ్చింది, కళ్లు, ముక్కు, నవ్వు అన్నీ ఉన్నాయి, అవి ఆ పిల్లవాడివి కావు. వెనక మోడు పోయి పచ్చని పైరు మొలిచింది. ఎడమ అంచు శుభ్రంగా ఉన్నది. గడ్డిమోపు తల్లి లేదు. సగం తెగిన బొమ్మ అని యంత్రం ఆమెను తుడిచేసింది.

ఆ ఫోటోలో ఉన్నవాళ్లలో బహుశా ఆ నేలమీద రోజూ నడిచిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లు జయంతికి వచ్చి పోయినవాళ్లు. ఆమె మాత్రం సాయంత్రం మళ్లీ అదే దారిన వచ్చి ఉంటుంది. ఆమెను పోగొట్టుకుంటే బమ్మెరను పోగొట్టుకున్నట్టే. నాకు కోపం రాలేదు, దిగులు వేసింది.

పూరించడం తప్పని నేను అనను. పోతన భాగవతమే అందుకు సాక్ష్యం. ఆయన గ్రంథంలో కొన్ని భాగాలు శిథిలమైనాయి. వాటిని ఇతరులు పూరించారు. పంచమ స్కంధం బొప్పరాజు గంగన, షష్ఠ స్కంధం ఏర్చూరి సింగన, పదకొండు పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ. ఈ సంగతి మనకు ఎట్లా తెలుసు? వాళ్లే చెప్పారు గనుక. స్కంధం చివర గద్యలో ఇది నేను రాసింది అని పేరు పెట్టుకున్నారు. పోతన పద్యాల్లో తమ పద్యాలు కలిపేసి మౌనంగా ఊరుకుంటే, అయిదు వందల ఏళ్ల తర్వాత మనం గంగన మాటలను పోతన మాటలని పాడుకుంటూ ఉండేవాళ్లం. ఆ ముగ్గురి నిజాయితీ వల్ల పోతనా దక్కాడు, పూరించినవాళ్లూ దక్కారు. ఫోటోలకు రంగులు వేసే పిల్లలను నేను కోరేదీ అంతే. వేయండి. కానీ ఇది ఫలానా సంవత్సరంలో ఫలానావారు రంగులు వేసి మార్చిన ప్రతి అని దాని మీదనే రాయండి, అసలు ఫోటోను అసలుగానే వేరుగా దాచండి. చెదలు తిన్న చోటును చెదలు తిన్న చోటుగానే ఉండనివ్వండి.

కాళోజీ గారి గురించి చెప్పకుండా హనుమకొండలో ఈ విషయం ముగించలేను. ఆయన విషయం పోతనకు పూర్తిగా అటువైపు. 1914లో పుట్టి 2002లో పోయిన మనిషి, కెమెరా కాలపు కవి. ఆయన ముఖం మనలో ఎందరికో స్వయంగా తెలుసు. సమాధి మాత్రం లేదు. తన దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. తర్వాత వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. నక్కలగుట్టలో విగ్రహం ఉన్నది, 2014 సెప్టెంబర్ 9న శంకుస్థాపన జరిగిన ఆయన పేరిటి కళాక్షేత్రం పదేళ్లకు, 2024 నవంబర్‌లో తెరుచుకున్నది. ఇంత పెద్ద భవనం వచ్చినందుకు సంతోషం. కానీ కాళోజీ కూర్చున్న అరుగులు, ఆయన మాట్లాడిన చిన్న చిన్న సభలు, పక్కన కూర్చొని విన్నవాళ్లు మీ ఆల్బమ్‌లలో ఉన్నారు. 'నా గొడవ' చదివి కదిలిన ఆ సామాన్యులే ఆయన స్మారకం. వాళ్లలో చాలామంది ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఫలానా ఫోటోలో ఎడమ నుంచి మూడో మనిషి ఎవరని అడిగితే చెప్పగలరు. పది పదిహేనేళ్లు పోతే చెప్పేవాళ్లు ఉండరు.

మన జిల్లా పల్లెల్లో స్తూపాలు కొత్త కాదు. కడవెండిలో 1946 జూలై 4న రైతు పోరాటంలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నాటి నుంచి ఎన్ని ఊళ్ల నడుమ ఎన్ని ఎర్ర స్తూపాలు లేచాయో! ఆ స్తూపాల మీద పేర్లు చెక్కి ఉంటాయి, ఎందుకంటే ప్రాణం పోయిన మనిషి పేరు మరిచిపోకూడదని ఊరు పట్టుబడుతుంది. కవి స్మారకాల దగ్గర ఆ పట్టుదల ఎందుకు సడలిందో నాకు అర్థం కాదు. శంకుస్థాపన ఫలకం మీద వచ్చిన పెద్దల పేర్లు ఉంటాయి. రాయి మోసినవాడి పేరు, జాగా ఇచ్చిన రైతు పేరు, ఏటా దండ తెచ్చిన పంతులు పేరు ఉండవు. ఫోటోలో మాత్రం ముఖాలు ఉంటాయి. ముఖం ఉండి పేరు లేని ఆ మనుషులకు ఇప్పుడు పేరు ఇవ్వగలిగింది మనమే.

అందుకని సారు పెట్టెతో ఏం చేయాలనుకుంటున్నామో చెప్తాను. ప్రతి ఫోటోను ముందు, వెనక రెండువైపులా స్కాన్ చేస్తాం, 600 డీపీఐకి తక్కువ కాకుండా. వెనకవైపు ఎందుకని అడగకండి, సగం చరిత్ర అక్కడే ఉంటుందని ఇందాకటి ఊదారంగు ముద్రే చెప్తున్నది. తర్వాత ఆ ప్రతులను పట్టుకొని బమ్మెర, పాలకుర్తి పోతాం. రచ్చకట్ట దగ్గర, బడి దగ్గర, పెద్దవాళ్లున్న ఇళ్లలో చూపిస్తాం. ముఖ్యంగా ఆడవాళ్లకు చూపించాలి. పేరంటాలకు తిరిగినవాళ్లకు, పొలం పనికి కలిసి పోయినవాళ్లకు ముఖాలు గుర్తుంటాయి, ఏ ఇంటి కోడలు ఎవరో వాళ్లే చెప్పగలరు. ఒక ప్రతి ఊరి బడికి, ఒక ప్రతి హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి ఇవ్వాలని నా కోరిక. గ్రంథాలయోద్యమం మొదలుపెట్టిన ఆ పెద్దలు పుస్తకాలు దాచినట్టే మనం ఈ ముఖాలను దాచుకోవచ్చు.

ఇంటికి పోయాక మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు, దానితో ముందువైపు గాటు పడుతుంది. దయచేసి లామినేషన్ చేయించకండి, వేడికి, జిగురుకు బొమ్మ పాడవుతుంది, మళ్లీ విడదీయలేం. అంటుకునే పేజీల ఆల్బమ్‌లలో ఉన్నవి ఊడి వస్తాయంటే మెల్లగా తీయండి, రాకపోతే బలవంతం చేయకుండా అట్లాగే స్కాన్ చేయించండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి.

చివరగా, హనుమకొండ, వరంగల్, జనగామలలో పాత స్టూడియోలు నడిపిన కుటుంబాలవారు ఈ సభలో ఉంటే వారికి ఒక ప్రత్యేకమైన మనవి. డిజిటల్ కెమెరాలు వచ్చాక డార్క్ రూములు మూతపడ్డాయి, ఎన్‌లార్జర్లు పాత ఇనుము కింద పోయాయి, కానీ నెగటివ్‌ల డబ్బాలు అటక మీదనే ఉండిపోయాయి. మనం పేర్లు వెతుకుతున్న ఫోటోలకు తల్లులు అవే. బమ్మెర ఫోటో మీది ఊదారంగు ముద్ర మీలో ఎవరి తాతగారిదో కావచ్చు, దాని నెగటివ్ దొరికితే ఎడమ అంచున తెగిపోయిన భాగం కూడా దొరకవచ్చు. డబ్బా మూత తీసినప్పుడు పులిసిన ఘాటు వాసన వస్తే ఫిల్మ్ చెడిపోవడం మొదలైందని అర్థం, అది పక్కనున్న వాటికీ అంటుకుంటుంది. అటువంటి డబ్బాను మిగతావాటికి దూరంగా, గాలి ఆడే చల్లని చోట పెట్టి, ముందు దాన్నే స్కాన్ చేయిద్దాం. ఖర్చు మేమే పెట్టుకుంటాం, నెగటివ్‌లు మీ దగ్గరే ఉంటాయి, అచ్చయిన ప్రతి కాపీ మీద మీ స్టూడియో పేరు ఉంటుంది.